కిందివైపు లేని గాజు

అక్టోబర్ 14, మంగళవారం

పదో తరగతి పరీక్షల తర్వాత రాయడానికని కూర్చోవడం ఇదే మొదటిసారి. ల్యాబు రిజిస్టర్‌లో పేర్లు, టైములు రాస్తాను కానీ అవి నా మాటలు కావు. ఈ రోజు పెన్ను పట్టడానికి కారణం ఉంది. పొద్దున దీపం పెట్టి అమ్మవారి ముందు కూర్చుంటే, ఇరవై ఆరేళ్లుగా చూడకుండా చదివే నామాలు మధ్యలో ఆగిపోయాయి. తర్వాతి పేరు రాలేదు. కళ్లు మూసుకుంటే అద్దం కనిపించింది. అమ్మకే చెప్పుకోలేని మాట మా ఆయనకు ఎట్లా చెప్పను? ఆయన మంచివాడే. కానీ ఆయనకు పొద్దున చెబితే సాయంత్రానికి కొత్తవాడలో ఉన్న మగ్గాలన్నిటికీ తెలుస్తుంది. అందుకే కాగితం.

నిన్న అద్దం ఊడిపోయింది.

మూడేళ్ల పని. అరచేతిలో పట్టే గాజు దిమ్మ, దానికి రెండు వైపులా రూపాయి బిళ్లంత అద్దాలు. ఆ రెండు అద్దాల మధ్య లేజర్ వెలుతురు లక్ష సార్లు అటూ ఇటూ తిరుగుతుందట. మధ్య దూరం మాత్రం మారకూడదు. ఎండకు, చలికి, రాకెట్టు కుదుపుకు, దేనికీ మారకూడదు. "వెంట్రుకను కోటి ముక్కలు చేస్తే అండ్ల ఒక్క ముక్కంత సుత మారొద్దు వినోదమ్మా" అని రాజేశ్వర్ రావు సార్ ఒకసారి చెప్పారు. ల్యాబు ఆయనదే. ఉపగ్రహంలో పెట్టే గడియారం ఆ దూరాన్ని నమ్ముకుని నడుస్తుందట. నాకు అర్థమైనంత వరకు, అన్నీ కదిలే చోట కదలనిది ఒకటి కావాలి. అది చేస్తున్నారు వీళ్లు. నేను తొమ్మిదేళ్లుగా దాని చుట్టూ దుమ్ము లేకుండా చూస్తున్నాను.

అద్దాలను బంకతో అంటించరు. గాజునూ అద్దాన్నీ బాగా తుడిచి ఒకదానికొకటి ఆనిస్తే అవే పట్టుకుంటాయి. మొదట నీళ్ల మీద కిరోసిన్ చుక్క పడినట్టు రంగులు కనిపిస్తాయి. ఆ రంగులు జరిగి జరిగి మాయమైతే పట్టుకున్నట్టు. మధ్యలో కంటికి కనిపించనంత మురికి ఉన్నా పట్టు సరిగా రాదు. మా టెక్నీషియన్ హరికృష్ణ దీన్ని పెళ్లి అంటాడు. ఆరో తారీఖున పెళ్లి జరిగింది. రంగులు పోయాయి. చప్పట్లు కొట్టాం. నిన్న ఆ దిమ్మను షేకర్ మీద బిగించి రాకెట్టు ఊగినట్టు ఊపితే నలభై సెకన్లకు ఒక అద్దం రాలిపోయింది.

సార్ షేకర్ ఆపి, చాలాసేపు దాని మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు.

నా వల్ల కాదు. అది రాసి పెట్టుకుంటున్నాను.

అక్టోబర్ 15

అడుగున పెట్టాను. అడుగున ఉన్నది అద్దం మీదికి ఎట్లా వస్తుంది? రాదు.

అక్టోబర్ 16, గురువారం

రాసేస్తాను. రాస్తే చిన్నగా కనిపిస్తుందేమో.

సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర ఆడి, బతుకమ్మను సాగనంపాక, అందరం పసుపు ముద్దతో చేసిన గౌరమ్మను తీసి పుస్తెలకు రాసుకున్నాం. ఎప్పటిలాగే కొంచెం పొట్లం కట్టి కొంగుకు ముడేసుకున్నాను. మగనికి జ్వరం వస్తే నుదుట పెట్టడానికి, కొత్త కోడలు ఇంట్లో అడుగుపెడితే ఇవ్వడానికి అది ఏడాదంతా ఇంట్లో ఉంటుంది.

నాలుగో తారీఖు, శనివారం. ల్యాబులో నేనొక్కదాన్నే. స్టాండును తుడుస్తున్నాను. గాజు దిమ్మను నాలుగు మూలల్లో పట్టుకునే లోహపు చట్రం అది. కొత్తగా చేయించారు. సోమవారం దాని మీదే పెళ్లి. పెళ్లి, పెళ్లి అని హరికృష్ణ వారం రోజులుగా అంటూనే ఉన్నాడు. నాకు అనిపించింది, పసుపు లేకుండా ఏ జంట నిలుస్తుంది? మూడేళ్లుగా సార్ నిద్రపోవడం లేదు. కావ్య అయితే అన్నం తినడమే మరిచిపోయింది. వీళ్ల కోసం నేను చేయగలిగింది ఏముంది, తుడవడం తప్ప? అమ్మ పేరు తలుచుకుని, గౌరమ్మ పసుపు ఒక చిటికె స్టాండు అడుగున, బిగించే స్క్రూ మర పక్కన అద్దాను. కంటికి కనపడనంత. మళ్లీ తుడిచాను కూడా.

నేను అలా చేయకూడదు. నాకు తెలుసు. పౌడరు రాసుకున్నవాళ్లను గుమ్మంలోంచి వెనక్కి పంపేది నేనే. కానీ అది పౌడరు కాదు కదా, గౌరమ్మ.

ఇంకొకటి నాకు అప్పుడు తెలియదు. పాత దిమ్మలను బల్ల మీద పడుకోబెట్టేవారు. వాటికి పైన, కింద ఉండేవి. ఇది ఆకాశంలోకి పోయేది. అక్కడ పైనా కిందా ఉండవు కాబట్టి ఎటు తిప్పినా ఒకేలా పట్టుకునేట్టు ఆ చట్రాన్ని చేశారు. మొదటి అద్దం అంటించాక రెండో అద్దం కోసం హరికృష్ణ చట్రాన్ని మొత్తం తలకిందులుగా తిప్పాడు. ఫ్యాన్ గాలి పై నుంచి కొడుతూనే ఉంది. నేను కిటికీ అవతల నిలబడి చూస్తున్నాను. నేను అడుగు అనుకున్నది పైకి వచ్చింది. దానికి అడుగే లేదు.

రాస్తే చిన్నగా కనిపించలేదు.

అక్టోబర్ 17, శుక్రవారం

సార్ పిలిచి, స్టాండునూ పనిముట్లనూ యూవీ టార్చ్ పెట్టి చూడమన్నారు. "నీ కండ్లకు దొరకనిది ఇంకెవ్వలకు దొరకది" అన్నారు. మా నాయన జంపఖానాలు నేసేవాడు. తెగిన పోగును దూరం నుంచి పట్టుకోవడం నాకు చిన్నప్పుడే వచ్చింది. అందరూ నా కళ్లను పొగుడుతారు.

లైట్లు తీసి నీలం వెలుతురు వేశాను. మర పక్కన పచ్చగా మెరిసింది. పసుపు అంత మెరుస్తుందని నాకు తెలియదు. ఆల్కహాల్ గుడ్డతో తుడిచాను. మళ్లీ చూశాను. మెరవలేదు. గుడ్డను జాకెట్‌లో దోపుకున్నాను.

"ఏం లేదు సార్" అన్నాను.

అబద్ధం కాదు. నేను చెప్పే సమయానికి ఏమీ లేదు. తుడవడం నా పని.

అక్టోబర్ 18, శనివారం

రాలిన అద్దం మీద పొగ పట్టినట్టున్న చోటును తుడిచి, ఆ గుడ్డను కెమిస్ట్రీ వాళ్లకు పంపారు. ఈ రోజు జవాబు వచ్చింది. పసుపు.

సార్ గదిలో నేను, హరికృష్ణ, కావ్య. కావ్య సార్ దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. పరకాల దగ్గర పల్లె. తండ్రి వెంకట్రాజం పత్తి పండిస్తాడు. ల్యాబుకు వచ్చిన మొదటి రోజే, "నువ్వు అచ్చం మా చిన్నమ్మ లెక్కనే ఉన్నవ్" అని నన్ను చిన్నమ్మను చేసుకుంది. పండక్కి ఇంటికి వెళ్లి ఐదో తారీఖున తిరిగి వచ్చింది. ఆరున అద్దాలను పట్టుకుని అంటించింది ఆమే.

హరికృష్ణ అన్నాడు, "పసుపు ఎవ్వలు తెస్తరు సార్ లోపటికి? నేనైతే బతుకమ్మ ఆడలే."

ఎవరూ నవ్వలేదు. కావ్య పెట్టిన పండుగ ఫొటోలు అందరూ చూశారు. మోచేతుల దాకా పసుపు.

"నేను నిమ్మకాయతోటి రుద్ది కడుక్కున్న సార్. చిన్నమ్మ టార్చ్ పెట్టి చూసింది గూడ" అంది.

సార్ రిజిస్టర్ తిప్పారు. ఆరో తారీఖు వరుసలో నా సంతకం.

"వినోదమ్మా, ఆ రోజు ఈ పిల్ల చేతులు చూసినవా?"

"చూసిన సార్."

"ఏమన్న కనవడ్డదా?"

కావ్య నా వైపు చూస్తోంది. ఏ భయమూ లేదు ఆ చూపులో. నేను 'లేదు' అంటే అయిపోతుంది. కానీ 'లేదు' అంటే తర్వాతి ప్రశ్న వస్తుంది. మరి పసుపు ఎక్కడి నుంచి వచ్చినట్టు?

"గుర్తు లేదు సార్" అన్నాను.

హరికృష్ణ ఆశ్చర్యపోయాడు. "అక్కకు గుర్తు లేకపోవుడేంది? నాలుగేండ్ల కింద నా గౌనుకు ఏ గుండీ ఊడిందో ఇప్పుడు చెప్తది!"

"గుర్తు లేదు" అని మళ్లీ అన్నాను. ఇంకా మెల్లగా.

మెల్లగా మాట్లాడేవాళ్లు అబద్ధం ఆడరని లోకం నమ్ముతుంది. నేను కూడా నా గురించి అదే నమ్మాను.

అక్టోబర్ 20

దీపావళి. పదకొండు దీపాలు పెట్టాను. అన్నీ వెలిగాయి. దాన్ని మంచి గుర్తుగా తీసుకోవాలా?

అక్టోబర్ 22, బుధవారం

కావ్యను క్లీన్ రూమ్‌లోకి రావద్దన్నారు. బయట బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటోంది. నవంబర్ ఆఖరుకు ప్రాజెక్టు కమిటీకి రిపోర్టు వెళ్తుందట. అందులో తప్పు ఎవరిదో రాయాలి. ఆమె పేరు వెళ్తే ప్రాజెక్టులోంచి తీసేస్తారు. మూడేళ్ల చదువు మొదటికి వస్తుంది. ఇదంతా హరికృష్ణ టీ తాగుతూ చెప్పాడు. "మంచి పిల్ల అక్కా. కని ఒక్కసారి చెయ్యి కడుక్కునుడు సరిగ కాలే. ఎవ్వలనని ఏం లాభం."

నెల రోజులుంది. నెలలో ఏదైనా జరగవచ్చు.

అక్టోబర్ 24, శుక్రవారం

గౌన్లు మడత పెడుతుంటే కావ్య వచ్చి పక్కన కూర్చుంది. నాతో పాటు మడత పెట్టింది, మూల మూల కలిపి, నేను నేర్పినట్టే.

"చిన్నమ్మా, సారీనే. నా వల్ల నిన్ను గూడ పిలిచి అడిగిన్రు."

నేను ఇంకో గౌను అందుకున్నాను.

"ఆ రోజు టార్చ్ పెట్టినప్పుడు నా చేతుల మీద ఏం లేకుండె అనుకున్న. నువ్వు గుర్తు లేదంటానవ్ అంటే, ఏమన్న ఉండెనేమో. గోర్ల సందుల. నాకు గూడ ఇప్పుడు సరిగ గుర్తుకొస్తలేదు. బస్సుల వచ్చేటప్పుడు సుత వాసన వచ్చినట్టుండె."

"అట్ల అనుకోకు బిడ్డా."

"మరెట్ల అనుకోవాలె? ఎగిరి వచ్చిందా పసుపు?"

నవ్వింది. తర్వాత నవ్వడం ఆపి చేతులు చూసుకుంది. వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి ఉంది. సబ్బు, ఆల్కహాల్, మళ్లీ సబ్బు. నేను కొబ్బరినూనె రాసుకోమన్నాను. "నూనె రాసుకుంటే లోపటికి రానియ్యవ్ కద" అంది. "రానిచ్చేదే లేనప్పుడు రాసుకో" అనబోయి ఆగాను.

నా మాట వల్ల ఆ పిల్ల తన చేతులనే నమ్మడం మానేసింది.

రేపు చెప్తాను.

అక్టోబర్ 25

చెప్పలేదు. సార్ ఢిల్లీ వాళ్లతో ఫోన్‌లో ఉన్నారు.

అక్టోబర్ 27, సోమవారం

కార్తీక సోమవారం. ఒక్కపొద్దు. వేయిస్తంభాల గుడికి వెళ్లి దీపం పెట్టాను. రెండోసారి అద్దాల పెళ్లి కుదరాలని మొక్కుకున్నాను. రెండోది నిలబడితే మొదటిదాన్ని ఎవరు తవ్వుతారు? రిపోర్టులో నాలుగు మాటలు మెత్తగా రాస్తారు. కావ్యను క్షమిస్తారు.

చేయనిదానికి క్షమిస్తారు.

పక్కన కూర్చున్న ముసలావిడ "ఏం బిడ్డా, కండ్లల్ల నీళ్లు?" అంది. పొగ అన్నాను.

అక్టోబర్ 30

నిన్నంతా వాన. హంటర్ రోడ్డు మీద నీళ్లు. ల్యాబుకు వెళ్లలేదు. ఎవరి ముఖమూ చూడక్కర్లేదని సంతోషపడ్డాను. జనం ఇళ్లలోకి నీళ్లు వచ్చి ఏడుస్తుంటే నేను సంతోషపడ్డాను.

నవంబర్ 3, సోమవారం

సార్ పిలిచారు. ఇంకా ఒక్క జత అద్దాలే ఉన్నాయి. అవి పాడైతే మళ్లీ పూత వేయించి తెప్పించడానికి ఎనిమిది నెలలు. అప్పటికి ఉపగ్రహం మన కోసం ఆగదు. పన్నెండో తారీఖున అంటిస్తారు. హరికృష్ణ అద్దం పెడతాడు.

"ఈసారి మొత్తం సఫాయి నువ్వొక్కదానివే చూడు వినోదమ్మా. వేరేటోళ్లను దగ్గరికి రానియ్యకు. నీ మీద నాకు ఫికర్ లేదు."

"కావ్య?" అన్నాను.

"ఆ సంగతి మనకొద్దు" అన్నారు. ఆయనకు కూడా బాధగానే ఉంది. మూడేళ్లుగా ఆ పిల్ల బొమ్మలు గీసి, లెక్కలు కట్టి, నాలుగు మూలల్లో ఎంత బలంతో పట్టుకుంటే దిమ్మ వంగదో కనిపెట్టింది. సార్ అందరి ముందూ చెప్పేవారు, ఇది నాకు తోచలేదు, ఈ పిల్లకు తోచింది అని.

ఈసారి కూడా స్టాండు అదే. కొత్తది చేయించే సమయం లేదు.

నవంబర్ 5, బుధవారం

పౌర్ణమి. మూడు వందల అరవై అయిదు వత్తులు ఒక్కటిగా వెలిగించాను. మా ఆయన పక్కన నిలబడి నూనె పోశాడు.

"ఏందే, ఈ మధ్య పుస్తకం ముందటేసుకుని కూసుంటానవ్? సీరియల్ రాస్తానవా?"

"ల్యాబు లెక్కలు."

"నాకు తెల్వదా? లెక్కలు రాసేటోళ్లు అంతసేపు గోడ దిక్కు చూడరు."

ఆయన జంపఖానా దుకాణంలో కూర్చుంటాడు, మనుషుల ముఖాలు చూడడమే పని. కాసేపాగి, "ఎవ్వలన్న ఏమన్న అన్నరా?" అని అడిగాడు.

"ఎవ్వలేమనలే. నేనే..."

"నువ్వేం అంటవే. నీ నోట్లకెంచి మాటనే రాదు." నవ్వాడు.

ఒక మాట వచ్చింది, ఆయనకు తెలియదు. రెండు మాటలు: గుర్తు లేదు.

నవంబర్ 8, శనివారం

స్టాండును మొత్తం తుడిచాను. మూడు సార్లు. ఆల్కహాల్, అసిటోన్, మళ్లీ ఆల్కహాల్. నీలం వెలుతురులో చూశాను. పైన లేదు.

మర లోపల ఉంది.

మర బిగించిన రంధ్రంలో, అంచు కింద, ఆవగింజలో సగం కూడా లేదు. టార్చ్‌ను పూర్తిగా పక్కకు వాల్చితేనే కనిపిస్తుంది. నేను వాల్చాను. సన్నటి పుల్లకు దూది చుట్టి తీయబోతే ఇంకా లోపలికి పోయింది.

లోపల ఉన్నది లోపలే ఉంటుంది.

నవంబర్ 10, సోమవారం

ఒక్కపొద్దు ఉన్నాను కానీ తల తిరిగి పన్నెండింటికే పండు తిన్నాను. మళ్లీ చూశాను. ఉంది. స్టాండును తిప్పినప్పుడు ఆ రంధ్రం సరిగ్గా అద్దం మీదికి వస్తుంది. మర ఊడదీసి, విడి భాగాలుగా చేసి వేడి ద్రావణంలో మరిగిస్తే తప్ప పోదు. అది నా చేతిలో లేదు. మర ఊడదీయాలంటే సార్ అనుమతి కావాలి. అనుమతి కావాలంటే ఎందుకో చెప్పాలి.

వేరే కారణం చెప్పొచ్చు. తుప్పు అనొచ్చు. తుప్పు పట్టని లోహమని హరికృష్ణకు తెలుసు.

మళ్లీ రాలితే? కావ్య లోపలికి రాలేదు కాబట్టి ఆమె మీది నింద తొలగిపోతుంది. నేను ఏమీ చెప్పకుండానే ఆమెకు మేలు జరుగుతుంది. ఈ ఆలోచన నాకు నిజంగా వచ్చింది. ఆఖరి అద్దాలు పాడైతే మంచిదన్నట్టు ఒక పూటంతా ఆలోచించాను. దాచకుండా రాస్తున్నాను.

నవంబర్ 11

రేపు.

నవంబర్ 12, బుధవారం

వరుసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

పదిన్నరకు లోపలికి వెళ్లాం. సార్, హరికృష్ణ, నేను. తల నుంచి కాళ్ల దాకా తెల్ల గౌన్లు, కళ్లు తప్ప ఏమీ కనిపించవు. కావ్య కిటికీ అవతల నిలబడింది. రావద్దన్నారు కానీ చూడొద్దనలేదు. చేతులు వెనక్కి పెట్టుకుంది.

మొదటి అద్దం పెట్టారు. రంగులు వచ్చాయి, పోయాయి. సార్ తల ఊపారు. హరికృష్ణ "ఒక పెళ్లి అయ్యింది, ఇంగో పెళ్లికి మంటపం తిప్పుతాన" అంటూ చట్రం మీద చెయ్యి వేశాడు.

"ఆపండి" అన్నాను.

పైన ఫ్యాన్ల హోరు. ఎవరికీ వినపడలేదు.

"తిప్పకు" అన్నాను. హరికృష్ణ చెవి ఇటు పెట్టి, "అక్కా, జర వాల్యూం పెంచు" అన్నాడు, చూపు పని మీదే ఉంచి. చట్రం కదిలింది.

అరిచాను. నా పెళ్లిలో, మా నాయన పోయిన రోజున, ఎప్పుడూ నేను అరవలేదు. కిటికీ అవతల కావ్య కూడా ఉలిక్కిపడింది. హరికృష్ణ చేతులు గాలిలో ఆగిపోయాయి.

"దాంట్ల పసుపు ఉన్నది సార్. నేను పెట్టిన. గౌరమ్మ పసుపు. నాలుగో తారీఖు నాడు, నేనే పెట్టిన."

సార్ టార్చ్ అడిగారు. ఇచ్చాను. ఎట్లా వాల్చాలో చూపించాను. ఆయన వంగి చాలాసేపు చూశారు.

"పదిహేడు నాడు చూడుమన్న గద."

"కనవడ్డది సార్. తుడిచిన."

"తుడిచి, లేదన్నవ్."

"అన్న సార్."

"ఎందుకు పెట్టినవ్?"

"పెళ్లి అంటున్నరు గద అని..." అన్నాను. బయటికి వచ్చాక ఆ మాట ఎంత చిన్నగా ఉందో తెలిసింది. హరికృష్ణ తల దించుకున్నాడు. పాపం, ఆ మాట తనదే అని అతనికి తోచి ఉంటుంది. అతనికేం సంబంధం లేదు.

సార్ అరుస్తారనుకున్నాను. అరవలేదు.

"పసుపు సంగతి పక్కకు పెట్టు. ఆ పిల్ల చేతులు ఎట్ల ఉండె?"

"సాఫ్ ఉండె సార్. రెండు సార్లు చూసిన. గోర్లు గూడ చూసిన."

"మరి గుర్తు లేదన్నవ్."

కెమిస్ట్రీ వాళ్లు పసుపును కనిపెట్టారు. ఈ మాటను కనిపెట్టే యంత్రం ఎవరి దగ్గరా లేదు. నేనే చెప్పాలి. "గుర్తుండె సార్" అన్నాను.

సార్ బయటికి వెళ్లి కావ్యకు తానే చెప్పారు. గాజు అవతల మాటలు వినపడవు. ఆమె ముఖం చూశాను. ఏడవలేదు. సంతోషించలేదు. ముందు తన చేతులు చూసుకుంది. తర్వాత నన్ను.

గౌను విప్పి బయటికి వచ్చేసరికి గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"వినోద గారూ" అంది. "నెల రోజుల నుంచి నాకు పిచ్చి లేసిందేమో అనుకున్న."

దారి ఇచ్చింది. నేను వెళ్లాను.

నవంబర్ 14, శుక్రవారం

స్టాండు విడదీసి మరిగించారట. కావ్య మళ్లీ లోపల ఉంది. రెండో అద్దం ఆమే పెట్టింది. ఇవన్నీ హరికృష్ణ ఫోన్‌లో చెప్పాడు. నన్ను కార్యాలయంలో ఫైళ్ల గదికి మార్చారు. అక్కడ దుమ్ము ఎంతయినా ఉండొచ్చు.

మా ఆయనకు మొన్న రాత్రే చెప్పాను. అంతా విని, "పసుపు పెట్టినవంటే పిచ్చిదనుకుంట. ఆ పిల్ల మీదికి నూకుడు ఏందే?" అన్నాడు. ఈ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. కొత్తవాడలో ఎవరికీ చెప్పలేదు కూడా. నేను ఆయనను తక్కువగా చూశాను.

నవంబర్ 25, మంగళవారం

కమిటీ కోసం నాతో ఒక కాగితం రాయించారు. తెలుగులోనే రాయమన్నారు. స్టాండుకు పసుపు పెట్టింది నేను, కనపడినా చెప్పనిది నేను, కావ్య చేతులు శుభ్రంగా ఉన్నాయని తెలిసి చెప్పనిది నేను. అర పేజీ. సంతకం చేశాను. ఎందుకు అనే గడి ఆ కాగితంలో లేదు.

అమ్మ ముందు కూర్చుంటున్నాను. ఆమె పేరు చెప్పి చేసింది చిటికెడు. ఆమె పేరు చెప్పకుండా చేసిందే ఎక్కువ. పసుపుకు అమ్మ ఏమనుకుందో నాకు తెలియదు. రెండోదానికి ఏమనుకుందో తెలుసు.

డిసెంబర్ 9, మంగళవారం

షేకర్ మీద మూడు దిక్కులా ఊపారట. నిలబడింది. వేడిలో, చలిలో కూడా నిలబడిందని, వెలుతురు మొదటికన్నా ఎక్కువసేపు లోపల తిరుగుతోందని హరికృష్ణ చెప్పాడు. సంక్రాంతి దాటాక దిమ్మను బెంగళూరుకు కావ్యే తీసుకెళ్తుంది, ఒళ్లో పెట్టుకుని.

డిసెంబర్ 13, శనివారం

హన్మకొండ బస్టాండులో కావ్య కనిపించింది. పరకాల బస్సు కోసం నిలబడి ఉంది. నేను చూడనట్టు పోవాలనుకున్నాను. ఆమే దగ్గరికి వచ్చింది. కాసేపు ఇద్దరం బస్సుల బోర్డులు చదివాం.

"ఒక్క మాట అడగాల్నా?" అంది.

"అడుగు."

"ఎందుకు చెప్పలే? నెల రోజులు పక్కల్నే ఉంటిమి. గౌన్లు మడత పెడితిమి. ఎందుకు చెప్పలే?"

ఈ పుస్తకం నా సంచిలో ఉంది. ఇంట్లో వదిలిపెట్టలేక వెంట తిప్పుతున్నాను. తీసి చేతిలో పెడితే, ఇరవై నాలుగో తారీఖు, పదో తారీఖు, అన్నీ ఉన్నాయి. బస్సులో చదువుకుంటుంది. ఊరు వచ్చేలోపు ఆమె మనసు కరుగుతుంది. మంచి పిల్ల. నాకు తెలుసు.

సంచి మీద చెయ్యి పెట్టి, మళ్లీ చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"భయమైంది బిడ్డా. అంతే. వేరే ఏం లేదు."

ఆమె నా ముఖం చూసింది, ఇంకా ఏమైనా ఉందేమో అన్నట్టు. తర్వాత తల ఊపింది. బస్సు వచ్చింది, ఎక్కింది. కిటికీ పక్క సీటు దొరికింది. ఇటు చూసిందో లేదో జనం అడ్డంలో నాకు తెలియలేదు.

ఇక రాయను. రాయాల్సింది అయిపోయింది. ఈ కాగితాలు చింపను, కాల్చను. పెట్టెలో నా పెళ్లి చీర కింద పెడుతున్నాను. నా తర్వాత దొరికిన వాళ్లను ఒకటే కోరుతున్నాను. పడేయకండి. ఇందులో ఉన్నది నేను, బయట తిరిగినది కాదు. కానీ ఎవరికీ చూపించకండి, కావ్యకు అసలే వద్దు. చదివితే ఆ పిల్ల నా మీద జాలి పడుతుంది. చేయని తప్పును నెల రోజులు మోసింది. చేసినదాన్ని క్షమించే పని కూడా ఆమె మీద వేయలేను.

వినోద